గ్రాండ్ టూర్ గారికి, వీసా రాని అభిమాని రాసుకున్న లేఖ

గ్రాండ్ టూర్ గారికి నమస్కారాలు.

ఇవాళ మధ్యాహ్నమంతా వీసా సెంటర్‌లో కూర్చుని నా పాస్‌పోర్టు తెచ్చుకున్నాను. ఏ దేశమో చెప్పను, మళ్లీ అక్కడికే అప్లై చేసుకోవాలి. కవరు చింపితే లోపల ఒక కాగితం, దాని మీద ఒక టిక్కు. నేను గడువులోగా తిరిగి వెళ్లిపోతానన్న నమ్మకం వాళ్లకి కలగలేదట. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్స్, ఆఫీసువాళ్ల సెలవు లెటర్, చివరికి హోమ్ లోన్ కాగితాలు కూడా పెట్టాను. ఇంకా పద్దెనిమిదేళ్ల ఈఎంఐ ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడండీ?

18వ శతాబ్దంలో బ్రిటన్‌లోని డబ్బున్నవాళ్ల పిల్లల్ని లోకజ్ఞానం పేరుతో ఏళ్ల తరబడి పారిస్, రోమ్ తిప్పిన ఘనత తమరిది. వెంట ఒక ట్యూటరు. రోమ్‌లో చిత్రకారుడు బటోనీ ముందు పోజిచ్చి, పక్కన కుక్కో విరిగిన విగ్రహమో పెట్టుకుని నిలువెత్తు బొమ్మ. (మేం సెల్ఫీ దిగితే మాత్రం నవ్వుతారు.) అవన్నీ పోనివ్వండి. మీ స్కాట్లండ్ రచయిత జేమ్స్ బాస్వెల్‌ని మాత్రం వదల్లేకపోతున్నాను.

1763 ఆగస్టులో, 22 ఏళ్లకి బయల్దేరాడు. జడ్జిగారైన నాన్న పంపింది హాలండ్‌లోని యూట్రెక్ట్‌లో లా చదవమని. ఏడాది తిరక్కుండానే జర్మనీ, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్, ఇటలీ. ఇంక ఇంటికి రారా అని ఆయన మొత్తుకుంటుంటే వీడు కోర్సికా దీవికి పడవెక్కాడు! లండన్ చేరేసరికి 1766 ఫిబ్రవరి. అంటే రెండున్నరేళ్లు. మాకేమో, యూరప్ షెంగెన్ వీసా ఇచ్చినా, 180 రోజుల్లో 90 రోజులే.

పెద్ద తత్వవేత్త రూసోని చూడబోతే ఆయనకి ఒంట్లో బాగాలేదన్నారు, అయినా జేబులో ఉన్న సిఫార్సు ఉత్తరం పక్కన పెట్టి తన గొప్పలు తానే రాసుకుని పంపాడు. రమ్మన్నారు! ఇక ఇంకో తత్వవేత్త వోల్టేర్ ఇంట్లో అయితే, జెనీవా కోట తలుపులు పెందలాడే మూసేస్తారు, రాత్రికి ఇక్కడే ఉండనివ్వండి, అటక మీదైనా సరే, రెండు కుర్చీలు కలిపి వేసినా సరే అని ఆయన మేనకోడలికి చీటీ రాశాడు. అదీ శాంక్షన్. కోర్సికాలో అక్కడి నాయకుడు పావోలీ ఒక్కడికే కాస్త డౌట్ వచ్చింది, చెప్పిన ప్రతి మాటా రాసుకుంటున్నాడు, గూఢచారేమోనని. అయినా ఏం చేశాడు, తన సొంత గుర్రం ఎక్కించి తిప్పాడు.

ఒక్కడంటే ఒక్కడు, బాబూ, నువ్వు తిరిగి వెళ్తావా అని అడగలేదు.

అడగాల్సినవాళ్లని కూడా అడగలేదు లెండి. 1765 ఆగస్టులో ఈయనగారు ఇటలీలో తిరుగుతుంటే, ఇక్కడ మా ఉత్తర సర్కార్లు మొఘల్ పాదుషా షా ఆలం ఫర్మానాతో కాగితం మీద మీవాళ్ల ఈస్టిండియా కంపెనీ చేతిలో పడ్డాయి. ఏమయ్యా, ఎన్నాళ్లుంటారు, రిటర్న్ టికెట్ ఏది అని ఒక్క కాగితమైనా అడిగారా వాళ్లని? ఇప్పుడు నన్నడుగుతారు, పది రోజులు మ్యూజియాలు చూసొస్తానన్న నన్ను!

కోపం వచ్చింది, క్షమించాలి. పాపం బాస్వెల్ కూడా కష్టాలు పడ్డాడు. యూట్రెక్ట్ చేరిన కొత్తల్లో గంట గంటకీ మోగే చర్చి గంటలు విని దిగులుతో వీధుల్లో పిచ్చివాడిలా తిరిగాడు. అమ్మ పోయిన సంగతి పారిస్‌లో పేపర్లో చదివి తెలుసుకున్నాడు. అప్పుడు కదిలాడు ఇంటికి.

సరే, ఇంకో 90 యూరోలు కట్టి మళ్లీ అప్లై చేస్తున్నాను. కవర్ లెటర్ ఈసారి మీవాడి పద్ధతిలో రాస్తాను. హోటల్ బుకింగ్ లేదు సార్, రెండు కుర్చీలు చాలు.