24 వేల రూపాయల కిర్రు

బూటు మౌనంగా ఉండవలసిన వస్తువని ఎవరు నిర్ణయించారో గాని, చౌక బూట్లను దృష్టిలో పెట్టుకునే ఆ నిర్ణయం చేసి ఉంటారని నా అభిప్రాయం. నాలుగు వందలు పోసి కొన్న చెప్పు నాలుగో రోజున కిర్రుమంటే దాన్ని లోపం అంటాము. దుకాణానికి పోయి, అమ్మినవాడి బల్ల మీద పడేసి, నలుగురూ వినేటట్టు మాట్లాడతాము. అదే కిర్రు 24 వేల రూపాయల తోలు బూటులోంచి వచ్చినప్పుడు సంస్కారం గలవాడెవడూ ఆ మాట వాడడు. ముందు ఆ శబ్దాన్ని శ్రద్ధగా వింటాడు. ఆ తరువాత దాని కారణాలను అధ్యయనం చేస్తాడు. చివరకు తన నడకలోనే ఏదో దోషం ఉన్నదని ఒప్పుకుంటాడు. గడచిన మూడు నెలల్లో నేను ఈ మూడు దశలనూ దాటి వచ్చాను గనుక, ఇటువంటి బూట్లు కొని లోలోపల కుమిలిపోతున్న తోటి తెలుగువారి నిమిత్తం ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

నా బూట్లు గోధుమరంగువి, చీలమండను దాటి పైకి వచ్చేవి, ఆరు నెలల వాయిదాలవి. హైదరాబాదు ఎండల్లో ఇవెందుకని అడిగేవారికి నా దగ్గర సమాధానం లేదు. అయితే అవి జిగురుతో అతికించినవి కావు, గుడ్‌ఇయర్ వెల్ట్ అనే పద్ధతిలో కుట్టినవి. ఈ సంగతి గర్వంగా చెప్పగానే మా మామగారు, "ఏం అల్లుడుగారూ, టైర్ల కంపెనీవాళ్ళు బూట్లు కూడా మొదలుపెట్టారా?" అన్నారు. పెద్దవారు గనుక ఓపికగా వివరించాను. రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే ఉపాయం కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1860లో నెత్తి నిండా అప్పులతో కన్నుమూశాడు. టైర్ల కంపెనీని 1898లో వేరెవరో స్థాపించి, గౌరవసూచకంగా ఆయన పేరు పెట్టుకున్నారు. బూటు కుట్టే యంత్రం మాత్రం ఆయన కొడుకుది. అదే పేరు గల ఆ కొడుకు 1870ల్లో దాన్ని పనిలోకి తెచ్చాడు. నెత్తి నిండా అప్పులతో అన్నచోట మామగారు నా బూట్ల వంకా, ఆ పైన తన కూతురి వంకా చూశారు.

ఈ పద్ధతిలో పైతోలునూ లోపలి అట్టనూ ఒక సన్నని తోలుపట్టీతో కలిపి కుడతారు. ఆ పట్టీకి అడుగు అట్టను మరో వరుస కుట్టుతో బిగిస్తారు. రెండు అట్టల నడుమ మిగిలిన ఖాళీని బెండు ముద్దతో నింపుతారు. పాదం వంపు కింద, బూటు నడుము విరగకుండా, ఉక్కుదో చెక్కదో ఒక సన్నని పలక పెడతారు. దాని పేరు షాంక్. మడమను తోలు పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి మేకులతో దిగ్గొడతారు. అడుగు అట్ట అరిగితే దాన్నొక్కదాన్నే ఊడదీసి కొత్తది కుట్టించుకోవచ్చుననీ, ఇరవై ఏళ్ళు నిశ్చింతగా ఉండవచ్చుననీ అమ్మినవాడు చెప్పాడు. ఇన్ని పొరలు ఉన్నచోట ఇన్ని రాపిడులు ఉంటాయని మాత్రం చెప్పలేదు. అతికించిన బూటు వేరు కాపురం వంటిది. కుట్టిన బూటు ఉమ్మడి కుటుంబం. అందులో ఎవరు ఎవరితో రాసుకున్నా చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది గాని, తప్పు ఎవరిదో ఇంట్లోవాళ్ళు చచ్చినా చెప్పరు.

ఆ తప్పు ఎవరిదో తేల్చడానికి నేను చేసిన విచారణ ఏ న్యాయవిచారణకూ తీసిపోదు. బూటును చేతిలోకి తీసుకుని వంచి చూడాలి. కాలు లేకుండానే మోగితే దోషం అడుగు అట్టదో, షాంక్‌దో, మడమదో అవుతుంది. కాలు పెడితేనే మోగితే లోపలి అట్టదో నాలుకదో అవుతుంది. బూటుకు నాలుక ఉన్నదని అందరికీ తెలుసు. అది మాట్లాడుతుందని కొన్నవాడికే తెలుసు. లేసుల కింద దాని అంచులు పైతోలుతో రాసుకుంటే సన్నగా, సణుగుతున్నట్టు, అడుగడుగునా వినిపిస్తుంది. లోపలి అట్ట బెండు మీద సరిగా కూర్చోకపోతే వచ్చేది కొంచెం బొంగురు గొంతు. వదులైన షాంక్ టక్కుమంటుంది. వాన నీటికి తడిసి, గట్టిగా ఎండిపోయిన తోలు ఎక్కడపడితే అక్కడ మూలుగుతుంది. ఈ వర్గీకరణ సాధించడానికి నేను మూడు ఆదివారాలు బూట్లను చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ మొదటి ఆదివారం నవ్వింది, రెండో ఆదివారం వాళ్ళ అక్కకు ఫోను చేసింది, మూడో ఆదివారం అటువైపు రాలేదు.

రాపిడికి విరుగుడు పౌడరని అందరూ అంటారు, అది నిజమే. విడిగా తీయగలిగిన మెత్త ఉంటే దాన్ని తీసి కింద చల్లాలి, నాలుక అంచులకు పూయాలి. రెండు తోళ్ళ నడుమ పొడి చేరితే పట్టు వదిలి చప్పుడు అణగుతుంది. పిల్లలు ఇంటరు చదువుతున్న ఇంట్లో పసిపిల్లల పౌడరు డబ్బా ఎందుకు వచ్చిందో ఇంటిల్లిపాదికీ సంజాయిషీ ఇచ్చుకుని, ఉదారంగా చల్లాను. మరునాడు బంధువుల గృహప్రవేశం. ఈ బూట్లను తయారుచేసే దేశాలలో మనిషి పొద్దున తొడిగితే రాత్రికి విప్పుతాడు. మన దేశంలో ప్రతి గడప దగ్గరా విప్పాలి. ఏడు జతల రంధ్రాల లేసులు సడలించే ఓపిక లేక మడమ తొక్కి లాగితే, వెనుక భాగంలో ఆకారం నిలపడానికి పెట్టిన గట్టి అట్ట నలిగి కూలబడుతుంది. కాబట్టి పద్ధతిగా కూర్చుని, లేసులు విప్పి, లోపలికి వెళ్ళాను. కృష్ణాష్టమి నాడు గడప నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో చిన్ని పాదాలు వేస్తారు కదా, ఆ ఇంటి కొత్త గ్రానైటు నేల మీద అటువంటి తెల్లని పాదాలే పడ్డాయి. కాకపోతే పదో నంబరువి, వంటల వైపు వెళ్ళేవి.

చప్పుడు సంగతి ఇలా ఉండగా, ఎడమ బూటు ముందు భాగంలో రెండు సన్నని గీతలూ, కుడి బూటు మీద అరడజను పొంగు ముడతలూ తేలాయి. దీనికి కారణం నిగూఢమైనదేమీ కాదు. పశువు తోలు అంతా ఒకే తీరుగా ఉండదు. వీపు వెనుక భాగంలో దట్టంగా, కడుపు వైపు వదులుగా ఉంటుంది. జతలోని రెండింటికీ ముందు భాగాలను ఒకేలాంటి చోటినుంచి కోయడం మంచి పనివాడి లక్షణం. కడుపు వైపు ముక్క ఒకటి కలిసిందంటే, పైపొర లోపలి పొరను వదిలేసి ఉబ్బు ముడతలు పడుతుంది. ఇది తయారీ లోపమని నేను కంపెనీవారికి సవినయంగా రాశాను.

వారి జవాబు చదివాక, భాష మీద నాకున్న గౌరవం రెట్టింపు అయింది. ముడతను వారు వ్యక్తిత్వం అన్నారు. పైతోలు మీది గీత, ఆ పశువు స్వేచ్ఛగా బతికిన జీవితానికి గుర్తు అన్నారు. రంగు వెలిస్తే అది పటీనా, అంటే వాడకంతో తోలుకు వచ్చే వన్నె, దానికి డబ్బు వేరే అడగనందుకు మనం సంతోషించాలి. కుట్టు ఒకచోట వంకరపోతే అది మనిషి చేతి స్పర్శ. శబ్దం విషయంలో మాత్రం, బూటు పాదానికి అలవాటు పడేదాకా ఓపిక పట్టమన్నారు, ఎంతకాలమని అడిగితే అది పాదాన్ని బట్టి ఉంటుందన్నారు. పదిహేను రోజుల్లోపు, అడుగు అట్టకు మరక అంటకుండా ఉంటేనే వాపసు తీసుకుంటారట. అంటే నడిస్తేనే గాని కిర్రు తెలియదు, నడిచామంటే కిర్రు మనదే. అన్నట్టు, వారు ఆ చప్పుడును వీడియో తీసి పంపమన్నారు. ఫోను ఎదుట నా బూట్లు పెళ్ళిచూపుల్లో పిల్లలా తలవంచుకుని, నోరెత్తకుండా, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాయి.

వానాకాలం మొదట్లో బూట్ల మీద తెల్లటి పూత కనిపించినప్పుడు నేను దుఃఖించలేదు, అప్పటికే శిక్షితుణ్ణి. తోలుకు పట్టించిన కొవ్వులూ మైనమూ చల్లదనానికి పైకి తేలి తెల్లని పొరగా కనిపిస్తాయి, దాన్ని బ్లూమ్ అంటారు. తెల్లగా కనిపించేదే బూజు కూడా. వేడి గాలి తగిలిస్తే కరిగి మాయమయ్యేది బ్లూమ్. అలాగే ఉండిపోయి ముక్కిన వాసన కొట్టేది బూజు. మొదటిది ఐశ్వర్య లక్షణం, రెండోది హైదరాబాదు జూలై. నాకు ఎడమ దానిమీద మొదటిదీ కుడి దానిమీద రెండోదీ వచ్చాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లండులో పూర్వం ఒక నమ్మకం ఉండేది: కిర్రుమనే బూట్లకు వాటి యజమాని ఇంకా డబ్బు చెల్లించలేదని ఎగతాళి చేసేవారు. నావి ఇంకా మూడు వాయిదాలు మిగిలి ఉన్నాయి గనుక ఇది మూఢనమ్మకమని ఖండించే స్థితిలో నేను లేను. అయితే మన పూర్వులు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఆలోచించారు. మన పల్లెల్లో కిర్రు చెప్పులని ఉండేవి. తంగేడు చెక్క వేసిన లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, రోజుల తరబడి ఊరిన తోలును (బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే) పొరలుగా పేర్చి కుట్టిన ఆ చెప్పుల్లో కిర్రు చేయి జారిన పొరపాటు కాదు, కోరి చేయించుకున్న అలంకారం. కొల్హాపురి చెప్పుల్లో కరకరమనే రకానికి పొరల నడుమ గింజలు పెట్టి మరీ ఆ చప్పుడు రప్పిస్తారు. ఆసామి వీధి మొదట్లో ఉండగానే కిర్రు వినిపించాలి. అరుగుల మీదివాళ్ళు లేవాలి, చుట్టలు ఆర్పాలి, అతని గురించిన మాట అయితే మార్చాలి. ఆ చెప్పులు కుట్టినవాళ్ళు మాత్రం అదే వీధిలో తమ చెప్పులను చేతపట్టుకుని నడవవలసి వచ్చేది. కనుక మన దగ్గర కాలి చప్పుడు తోలుకు సంబంధించిన విషయం ఎన్నడూ కాదు, ఎవరి కాలు అనేదే విషయం.

ఈ సంప్రదాయాన్ని బట్టి చూస్తే, పనిలోపమని నేను మూడు నెలలు కుమిలిపోయిన కిర్రు నిజానికి హోదా. మా ఆఫీసులో గ్రానైటు నేల మీద నేను నడిచి వస్తుంటే కుర్రవాళ్ళు ఫోన్లు బోర్లా పెడుతున్నారు. సంతాపసభలో అందరూ రెండు నిమిషాలు మౌనం పాటిస్తుండగా ఆలస్యంగా వెళ్ళి వెనుక వరుసలో నిలబడినప్పుడు, దివంగతుని కుటుంబంతో సహా సభ యావత్తూ తలతిప్పి చూసింది. లేసుల కింద సణిగే ఆ నాలుక లేకపోతే నన్ను ఎవరు గుర్తించేవారు? ఇకమీదట బూట్ల కంపెనీలు ధర చీటీ మీద శబ్దం ఉన్నదీ లేనిదీ ముద్రించి, ఉన్నదానికి వెయ్యి రూపాయలు ఎక్కువ వేసుకోవాలని నా సూచన. అప్పుడు మౌనంగా ఉన్న జత వచ్చినవారు ఫిర్యాదు చేసుకుంటారు, వారికి ఓపిక పట్టమని రాయవచ్చు.

ఇంత స్పష్టత వచ్చాక కూడా బలహీన క్షణమొకటి నన్ను బస్‌స్టాపు పక్కన వేపచెట్టు కింద గొడుగు వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. నా వర్గీకరణ అంతా ఆయనకు వినిపించాను. ఆయన విన్నాడో లేదో, ఎడమ బూటు అందుకుని బొటనవేలితో మడమ మీద ఒకసారి నొక్కాడు. కిర్రుమంది. మడమ పొరల్లో ఒకటి మేకును వదిలేసిందట, రెండోదానిదీ అదే రోగమట. నేను మూడు ఆదివారాలు విచారించి నాలుకను దోషిగా తేల్చి ఉన్నాను. ఆయన సందులోకి కొంచెం జిగురు దూర్చి, రెండు మేకులు దిగ్గొట్టి, మళ్ళీ నొక్కాడు. బూటు పలకలేదు. ముప్పై రూపాయలు.

కుడి దాన్ని చేతిలోకి తీసుకుని ఆగాడు. "మా తాత కాలంల ఈ సప్పుడు రావాల్నని అడిగి చేయించుకునేటోళ్ళు సార్. దానికి పైసలు అలగ్. దీన్ని కూడ బంద్ చేయాల్నా, ఉంచాల్నా?"

ఉంచమన్నాను. ఇప్పుడు నేను నడుస్తుంటే అడుగు విడిచి అడుగు మోగుతోంది. కాలికి ఏమైందని ఆఫీసులో ఇప్పటికి నలుగురు అడిగారు.