తుఫాను మెసేజ్‌లో ప్రాణం తీసే పాయింటు ఒకటుంది

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, ఆ మెసేజ్ మళ్లీ బతికొస్తుంది. “తుఫాను గురించి మీకెవరూ చెప్పని నిజాలు. కోస్తాలో ఉన్న ప్రతి ఒక్కరికీ చేరేదాకా పంపండి” అని మొదలవుతుంది. క్లాస్‌మేట్ల గ్రూపులో ఒకరు పెడితే అపార్ట్‌మెంటు గ్రూపులో ఇంకొకరు, బంధువుల గ్రూపులో మామయ్య. ఇది తప్పండీ అంటే “ఎందుకైనా మంచిదని పంపాను” అంటారు. దీనివల్ల మంచేమీ జరగదు. ఇందులో ఒక పాయింటును నమ్మి నడుచుకుంటే మనిషి పోతాడు. అందుకే ఇంత పొడుగు జవాబు రాయాల్సి వస్తోంది.

“వాతావరణ శాఖ చెప్పింది ఎప్పుడూ జరగదు. లెహర్ అన్నారు, జవాద్ అన్నారు, ఏమైంది?” ఇది మొదటి పాయింటు.

ఏమైందో చూద్దాం. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుఫానుగా మారి మచిలీపట్నం వైపు కదిలింది. దారిలో పొడిగాలి లోపలికి చొరబడి దాని బలం లాగేసింది. 28న తీరం దాటేసరికి అది ఉత్త వాయుగుండం. 2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర తీరం దాకా వచ్చి, సముద్రం మీదే నీరసించి పూరీ వైపు మళ్లింది. అయితే అది తీరం దగ్గరికొచ్చి ఒడిశా వైపు తిరుగుతుందని బులెటిన్లలో ముందే ఉంది. ఆ బులెటిన్ చదివినవాళ్లు ఈ పాయింటు రాయరు. ఒక తుఫాను ఎటు పోతుందన్నది ఇప్పుడు బాగానే చెప్పగలుగుతున్నారు. 24 గంటల ముందు గీసిన చోటికీ అది నిజంగా చేరిన చోటికీ సగటున తేడా 100 కిలోమీటర్ల లోపే. ఎంత బలంతో వస్తుందన్నది మాత్రం ఇప్పటికీ కష్టమే. ఆ కష్టాన్ని చూపించి మొత్తం అంచనానే కొట్టిపారేస్తే ఎలా?

2014లో హుద్‌హుద్ విశాఖ పరిసరాల్లో దాటుతుందని రోజుల ముందే చెప్పారు. అక్టోబరు 12న అక్కడే దాటింది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో అదే తీరానికి ఫైలిన్ వచ్చినప్పుడు ముందే లక్షల మందిని తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. పునరావాస కేంద్రంలో ఒక రాత్రి పులిహోర తిని క్షేమంగా ఇంటికి తిరిగొచ్చినవాళ్లను చూపించి “అనవసరంగా తిప్పారు” అనడం నాకు మింగుడుపడదు.

రెండోది: “విదేశీ యాప్‌లో పది రోజుల ముందే కనపడుతోంది, మనవాళ్లు దాస్తున్నారు.” కింద ఎర్రగా సుడి తిరుగుతున్న బొమ్మ, దాని మీద బాణం గుర్తు.

ఆ బొమ్మ ఒక కంప్యూటర్ నమూనా ఒక పూట వేసిన లెక్క. అమెరికావాళ్ల నమూనా జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు లెక్క కడుతుంది. పది రోజుల తర్వాతి సంగతి అడిగితే పొద్దున ఒంగోలు అంటుంది, సాయంత్రం చిట్టగాంగ్ అంటుంది, మర్నాడు అసలు తుఫానే లేదంటుంది. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు వాటిలో భయపెట్టేదాన్నే తీస్తారు. యూరప్‌వాళ్ల నమూనా మొదటి కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి 50 సార్లు లెక్క కట్టి, ఆ దారులు ఎంత చెదిరాయో చూస్తుంది. పది రోజుల ముందు అవి బంగాళాఖాతమంతా పరుచుకుని ఉంటాయి. ఈ నమూనాలన్నీ ఐఎండీ, అంటే మన వాతావరణ శాఖ వాళ్లూ చూస్తారు, వాటిని కలిపే అంచనా కడతారు. ఇక దాచేదేముంది? ఫైలిన్ అప్పుడు కొందరు విదేశీ నిపుణులు సూపర్ సైక్లోన్ అని గట్టిగా చెప్పారు. ఐఎండీ ఒప్పుకోలేదు, తన అంచనా మీదే నిలబడింది. చివరికి ఐఎండీ మాటే నిజమైంది.

మూడోది: “చలికాలంలో సముద్రం చల్లబడుతుంది, డిసెంబరు తుఫాను తీరానికొచ్చేలోపే చస్తుంది.” ఇందులో సగం నిజం ఉంది. వాయవ్యం నుంచి దిగే పొడి చలిగాలి డిసెంబరు తుఫాన్లను చాలాసార్లు దెబ్బతీస్తుంది. కానీ ఆ సగం నిజాన్ని పట్టుకుని వరి రైతుకి భరోసా ఇస్తే అతను మునుగుతాడు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది. పెథాయ్ దాటేసరికి బలం తగ్గిన మాట వాస్తవమే, ఆ సంగతి వాన కింద తడుస్తున్న చేనుకి ఏం తెలుసు? డెల్టాలో అప్పటికి కోతలు నడుస్తుంటాయి. కోసిన పనలు చేలో పరిచి ఉంటాయి, కొన్నిచోట్ల కుప్పలు వేసి ఉంటాయి, రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసి ఉంటుంది. పనలు నీళ్లలో నానితే కంకి మీదే మొలకొస్తుంది. మొలక రాకపోయినా గింజ రంగు మారుతుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ. గాలి గంటకు 60 కిలోమీటర్లు వీచిందా 100 వీచిందా అన్నది ఆ రైతుకి రెండో విషయం. రెండు రోజుల ముందు బరకాలు దొరికాయా, కోత ఆపుకోవాలా తొందరపడాలా అన్నది మొదటిది. “చస్తుంది, భయం లేదు” అన్న మెసేజ్ సరిగ్గా ఆ రెండు రోజుల్నే అతని చేతిలోంచి లాగేస్తోంది.

“తీరం దాటేది పక్క జిల్లాలో, మనకు సంబంధం లేదు.” మిచౌంగ్ దాటింది బాపట్లలో. అంతకుముందే, 3, 4 తేదీల్లో, అది తీరం పక్కనే నెమ్మదిగా పాకుతుండగా చెన్నై మునిగింది. బాపట్లకూ చెన్నైకీ మధ్య 300 కిలోమీటర్లకు పైనే ఉంది. తీరం దాటే చోటు మ్యాపు మీద ఒక చుక్క. తుఫాను చుక్కంత ఉండదు.

ఇక అసలు పాయింటు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను: “గాలి ఒక్కసారిగా ఆగి తెరిపిచ్చిందంటే తుఫాను వెళ్లిపోయినట్టే. వెంటనే బయటికొచ్చి ఇల్లూ గొడ్డూ చూసుకోండి. అధికారులు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.”

మిగతావన్నీ తెలియక రాసినవని సరిపెట్టుకుంటాను. దీన్ని మాత్రం క్షమించలేను. అతి తీవ్ర తుఫాను నడిమధ్యలో కన్ను ఉంటుంది. అది మీ ఊరి మీదికొచ్చినప్పుడు గాలి ఆగుతుంది, వాన ఆగుతుంది, ఒక్కోసారి ఎండ కూడా కాస్తుంది. అప్పటికి దాటింది సగమే. మన తీరానికి తుఫాన్లు ఎక్కువగా తూర్పు నుంచి పడమరకి వస్తాయి కాబట్టి మొదటి సగంలో గాలి ఉత్తరం వైపు నుంచి కొడుతుంది. కన్ను దాటగానే అదే బలంతో దక్షిణం నుంచి తిరగబడుతుంది. అది కొద్దికొద్దిగా పెరుగుతూ రాదు, నిమిషాల్లో విరుచుకుపడుతుంది.

ఆ మధ్యలో బయటికొచ్చిన మనిషి ఏం చేస్తాడు? ఇంటి పైకప్పు చూసుకుంటాడు, నిచ్చెన వేసి ఎక్కుతాడు. కొట్టంలో పశువును విప్పడానికి వెళతాడు. పిల్లలు రాలిన కొబ్బరికాయలు ఏరడానికి పరుగెత్తుతారు. ఉత్తరపు గాలికి మేకులు వదులైన రేకు దక్షిణపు గాలికి కత్తిలా లేస్తుంది. ఒక పక్క వేళ్లు తెగి ఎలాగో నిలబడ్డ చెట్టు, గాలి తిరగబడగానే అటు పడుతుంది. తెరిపి ఎంతసేపుంటుందో ఊళ్లో నిలబడి ఎవరూ చెప్పలేరు. కన్ను 30 కిలోమీటర్ల అడ్డకొలతతో గంటకు 15 కిలోమీటర్లు కదులుతోందనుకోండి, సరిగ్గా మధ్యలో ఉన్న ఊరికి రెండు గంటలు దొరుకుతాయి. అంచున ఉన్న ఊరికి పావుగంట కూడా దొరకదు. మీ ఊరు మధ్యలో ఉందో అంచున ఉందో రాడార్ చూసేవాడికి తెలుస్తుంది, అరుగు మీద నిలబడ్డవాడికి తెలియదు. హుద్‌హుద్ రోజున విశాఖలో ఈ తెరిపి చూసినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఒక్కరిని అడిగినా ఈ పాయింటు రాసేవారు కాదు.

తీరం పక్కన ఉన్నవాళ్లకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. కన్ను దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, ఉప్పెన వచ్చేది అక్కడే. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి దాదాపు ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన నీరు వేల మందిని తీసుకుపోయింది. అలాంటి తీరంలో “అధికారులు చెప్పేదాకా ఆగనక్కర్లేదు” అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? షెల్టర్లో ఉన్నవాళ్లు ఉండండి. కేంద్రం పూర్తిగా లోపలికెళ్లి బలహీనపడిందని బులెటిన్ చెప్పాలి, మీ ఊరి సిబ్బంది వచ్చి వెళ్లమనాలి. అప్పటిదాకా ఎండ కాసినా సరే, కదలొద్దు.

మిగిలిన వాటికి ఇంత ఓపిక లేదు.

“రేవులో ఐదో నంబరు ఉంటే ఫర్వాలేదు, ఏడైతేనే భయం.” కాదు. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాద సూచికలు. తుఫాను రేవుకి ఈ పక్క నుంచి పోతుందా, ఆ పక్క నుంచి పోతుందా, నెత్తి మీంచే పోతుందా అన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, తీవ్రత మాత్రం ఇంకా ఎక్కువ. అవి ఓడలవాళ్ల కోసం పెట్టినవి. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

“ఆడపేరు పెట్టిన తుఫాను ఎక్కువ నష్టం చేస్తుంది.” 13 దేశాలు ఇచ్చిన 169 పేర్ల జాబితా 2020లోనే సిద్ధమైంది. వరసలో ఎవరి పేరొస్తే అది పెడతారు, తుఫాను బలం చూసి కాదు.

“ఏదో దేశం యంత్రాలతో పుట్టిస్తోంది.” 1864లో బందరును ముంచేసిన ఉప్పెనను ఏ యంత్రం పుట్టించింది?

చివరి పాయింటు దగ్గర మాత్రం ఆగాను. “వాళ్లు చెప్పేది మామూలు మనిషికి అర్థం కాదు” అంటోంది మెసేజ్. ఈ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. “కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు” అంటారు. అతి భారీ అంటే 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు. ఒకటి రెండు చోట్లంటే అక్షరాలా ఒకటీ రెండూ కాదు, వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు దాకా. ఇది ఎంతమందికి తెలుసు? కేంద్రం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల్లో చెబితే పడవ మీద జీపీఎస్ ఉన్నవాడికి పనికొస్తుంది, అవనిగడ్డలో చేను కోయాలా వద్దా అని చూస్తున్నవాడికి పనికిరాదు. ఏ మండలంలో ఎంత వాన పడుతుందన్నది ఒక రోజు ముందు కూడా గట్టిగా చెప్పలేకపోతున్నారు, ఆ మాటైనా విప్పి చెప్పరు. ఈ ఖాళీలోకి టీవీలు దూరి ప్రతి అల్పపీడనాన్నీ మహా ప్రళయం చేస్తాయి. ఇలాంటి మెసేజ్‌లు వచ్చేదీ ఈ ఖాళీలోకే.

కాబట్టి అడగాల్సింది ఐఎండీని మూసేయమని కాదు. తుఫానుగా మారాక మూడు గంటలకోసారి వచ్చే బులెటిన్‌ను ప్రతి మండలంలో ఎవరో ఒకరు ఊరి మాటల్లోకి మార్చాలి. రేపు మధ్యాహ్నం రెండింటికి గాలి మొదలవుతుంది, సాయంత్రం మధ్యలో ఆగవచ్చు, ఆగినా రాత్రి పదింటిదాకా ఎవరూ బయటికి రావొద్దు అని గుడి మైకులో, మసీదు మైకులో, చర్చి మైకులో చెప్పించాలి.