వెలివేత నేరమని అంబేద్కర్ 1930లోనే చెప్పారు

నవంబరు 26 వచ్చినా, ఏప్రిల్ 14 వచ్చినా సభల్లో అంబేద్కర్ మాటలు కొన్ని తప్పకుండా వినిపిస్తాయి. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక అందులో మొదటిది. అధికారంలో ఉన్నవాళ్లను అదుపులో పెట్టాలన్న మాట కాబట్టి ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీ దాన్ని వాడుకుంటుంది. కానీ స్వేచ్ఛ గురించి ఆయన ఆలోచనలో ఇంతకన్నా పదునైన భాగం వేరే ఉంది. దాన్ని ఏ పార్టీ వేదిక మీదా వినం, ఎందుకంటే అది వేలు చూపించేది ముఖ్యమంత్రి వైపో ప్రధాని వైపో కాదు, మన ఊరి వైపు.

1943 జనవరిలో పుణెలో సంఘ సంస్కర్త మహాదేవ గోవింద రనడే జయంతి సభలో మాట్లాడుతూ అంబేద్కర్ ఆ విషయం సూటిగా చెప్పారు. మనిషిని అణచివేయడంలో ప్రభుత్వం కన్నా సమాజానికి ఎక్కువ సాధనాలున్నాయని, అవి ఎక్కువ బలంగా పనిచేస్తాయని అన్నారు. వెలివేతతో సరితూగే శిక్ష శిక్షాస్మృతిలో ఏముందని అడిగారు. నిజమే కదా. ప్రభుత్వం నన్ను శిక్షించాలంటే ఒక చట్టం ఉండాలి, కేసు పెట్టాలి, సాక్ష్యం చూపాలి, నాకో వకీలు ఉంటాడు, పైకోర్టు ఉంటుంది. ఊరు నన్ను శిక్షించాలనుకుంటే రాత్రి పది మంది కూర్చుని అనుకుంటే చాలు. తెల్లారేసరికి కిరాణా కొట్లో ఉప్పు పుట్టదు.

మనిషి స్వభావం మీద అంబేద్కర్ అంచనా కూడా ఇక్కడే అర్థమవుతుంది. రాజ్యాంగం విఫలమైతే తప్పు రాజ్యాంగానిది కాదు, మనిషి చెడ్డవాడని చెప్పుకోవాల్సి వస్తుందని 1948 నవంబరు 4న ఆయన అన్న మాటను చాలామంది పట్టుకుని, మంచివాళ్లను ఎన్నుకుంటే అన్నీ చక్కబడతాయని తేల్చేస్తారు. నా దృష్టిలో ఇది ఆయన్ను సగమే చదవడం. ఆయన జీవితమంతా గమనించింది చెడ్డవాళ్ల చెడుతనం కాదు. ఇంట్లో, బజారులో మర్యాదగా ఉండే మామూలు మనిషి తన కులం గుంపులో నిలబడగానే ఎంత పని చేయగలడో ఆయన చూశారు. అదే మనిషి ఒంటరిగా ఎదురైతే పలకరిస్తాడు, కట్టుబాటు వచ్చాక మొహం తిప్పుకుంటాడు. పలకరిస్తే రేపు తననూ వెలివేస్తారని భయం. అలాంటి మనిషి మంచితనం మీద బలహీనుడి స్వేచ్ఛను వదిలేయలేమన్నదే అంబేద్కర్ రాజనీతికి పునాది.

అమెరికా రాజ్యాంగ నిర్మాతల భయం వేరు. వాళ్లు రాజును చూసి భయపడ్డారు, అందుకే వాళ్ల హక్కుల చిట్టా దాదాపుగా ప్రభుత్వానికి వేసిన సంకెళ్లే. దాని పర్యవసానం 1883లో కనిపించింది. సత్రాల్లో, థియేటర్లలో నల్లజాతివాళ్లను అడ్డుకోవడాన్ని నిషేధించిన 1875 నాటి చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ప్రైవేటు మనుషులు చేసే పని, చట్టం ముందు అందరూ సమానమని చెప్పే పద్నాలుగో సవరణ దాని జోలికి పోదని తీర్పు చెప్పింది. మన రాజ్యాంగంలో 15వ అధికరణంలోని రెండో క్లాజు చూడండి. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, ప్రజలు వాడుకునే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, వీటిలో దేని దగ్గరా కులం, మతం పేరుతో ఎవరినీ ఆపకూడదు. ఇది కలెక్టరుకు ఎంత వర్తిస్తుందో కొట్టు యజమానికీ అంతే వర్తిస్తుంది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం కూడా అంతే. దీని వెనక 1927లో ఇప్పటి మహారాష్ట్రలోని మహాడ్ చెరువు దగ్గర నీళ్లు ముట్టుకున్నందుకు దెబ్బలు తిన్న దళితుల అనుభవం ఉంది.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లు మన కోస్తా జిల్లాల వైపు చూడాలి. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువును పాడు చేయొద్దని ఒక దళిత కుర్రాడు, ఒక దళిత మహిళ అడ్డు చెప్పడంతో మొదలైంది ఆ గొడవ. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని నరికి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అక్కడ మొదలు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగలడం. ఒకచోట చెరువు, ఇంకోచోట వినోదశాల. రాజ్యాంగంలో పేరు పెట్టి రాసిన చోట్లే ఇవి. చుండూరులో హత్యలకు ముందే దళితులను పనుల్లోకి పిలవడం మానేశారు. అంటే ముందు వెలి, ఆ తర్వాత కత్తి. ఊళ్లోనే ఏర్పాటు చేసిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

మన పల్లెలు అజ్ఞానానికి, సంకుచితత్వానికి నిలయాలని 1948 నవంబరు 4 ప్రసంగంలోనే అంబేద్కర్ అన్నారు. పల్లెను ఆయన అన్యాయంగా తిట్టారని అప్పుడే అన్నవాళ్లలో మన రైతు నాయకుడు ఎన్.జి.రంగా ఒకరు. దక్షిణాదిన వెయ్యేళ్లుగా గ్రామ పంచాయతీలు సాధించింది తెలిసి ఉంటే ఆయన అలా మాట్లాడేవారు కాదని రంగా రాజ్యాంగ సభలోనే బాధపడ్డారు. రైతుల కోసం జీవితాంతం పనిచేసిన మనిషి మాట అది, తేలిగ్గా తీసేయలేను. చెరువులు తవ్వుకోవడం, నీళ్లు పంచుకోవడం, గుడి కట్టుకోవడం మన పల్లెలకు తెలుసు. అయితే ఆ పంచాయతీల్లో కూర్చున్నదెవరు, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడిందెవరు అన్న ప్రశ్నకు రంగా దగ్గర జవాబు లేదు. హత్యలు జరిగిన నాటికి చుండూరు ఉన్నది ఆయన పుట్టిన గుంటూరు జిల్లాలోనే. పల్లెను పక్కన పెట్టి వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని అంబేద్కర్ అన్నది ఇలాంటివి తెలిసే.

అందుకే ఆయన వెలివేతను నేరంగా రాయమని పట్టుబట్టారు. 1930లో, భారతదేశానికి కొత్త రాజ్యాంగం ఎలా ఉండాలో చర్చించడానికి లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశానికి ఇచ్చిన అణగారిన కులాల రక్షణల పత్రంలో బహిష్కరణ అంటే ఏమిటో లాయరు లెక్కన నిర్వచించారు. ఇల్లు గానీ భూమి గానీ అద్దెకో కౌలుకో ఇవ్వకపోవడం, కూలికి పిలవకపోవడం, వ్యాపారం చేయకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. రెచ్చగొట్టడం, బెదిరించడం కూడా నేరమే అన్నారు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన వినతిపత్రంలో అదే మళ్లీ పెట్టారు. అదే పత్రంలో ఇంకో మాట ఉంది. ప్రభుత్వం జోక్యం లేకపోవడమే స్వేచ్ఛ అంటారు, ఆ స్వేచ్ఛ ఎవరికి, భూస్వామి కౌలు పెంచుకోవడానికా, యజమాని పనిగంటలు పెంచి కూలి తగ్గించుకోవడానికా అని అడిగారు. ప్రభుత్వం తప్పుకున్న చోట స్వేచ్ఛ రాదు, బలమున్నవాడి పెత్తనం వస్తుందని ఆయన లెక్క. ఇంత స్పష్టంగా రాసినా, ఆయన అడిగిన బహిష్కరణ నిబంధన మాత్రం రాజ్యాంగంలోకి విడిగా రాలేదు.

దాని ఫలితం ఈరోజు ఉత్తర తెలంగాణలో కనిపిస్తోంది. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు, అందరూ పిలిచే పేరు వీడీసీలు, ఎన్నికైన పంచాయతీ పక్కనే మరో ప్రభుత్వంలా నడుస్తున్నాయి. కొన్నిచోట్ల బడికి గదులు కట్టించాయి, చెరువు బాగు చేయించాయి, కాదనను. కానీ బెల్టు షాపులకు వేలం పాటలు పెట్టేదీ అవే, ఇసుకకు రేటు కట్టేదీ అవే, అడిగిన డబ్బు కట్టని కుటుంబాన్నో కులాన్నో వెలివేసేదీ అవే. ఆ ఇంటికి సరుకులివ్వొద్దు, హోటల్లో చాయ్ పోయొద్దు, ఆటో ఎక్కించొద్దు, పొలం పనికి పిలవొద్దు, మాట్లాడినవాళ్లకు జరిమానా. అంబేద్కర్ 1930లో రాసిన నిర్వచనంలోని మాటలు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కింద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ మీద కేసు పెట్టొచ్చు. కల్లు గీసే గౌడలు, చేపలు పట్టే ముదిరాజులు, రజకులు, నాయీ బ్రాహ్మణులు వెలికి గురైతే? పోలీసులు వచ్చి కౌన్సెలింగ్ ఇస్తారు, రెండు వర్గాలనూ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. వెలివేసిన ఊరంతా ఒక వర్గమట, వెలిపడ్డ నాలుగు కుటుంబాలు ఇంకో వర్గమట. చట్టంతో మనసులు మారవని కొందరు అంటారు. మనసు మారేదాకా ఆ పిల్లల పాల ప్యాకెట్ ఎవరు తెస్తారు?

మహారాష్ట్ర 2016లోనే సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం చేసింది. ఏ కులం వాళ్లను వెలివేసినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంబేద్కర్‌కు హైదరాబాద్‌లో, విజయవాడలో 125 అడుగుల విగ్రహాలు పెట్టిన మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. తెలంగాణ శాసనసభ ఇక ఆలస్యం చేయకూడదు. బిల్లులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. వెలివేత తీర్మానంలో పాల్గొన్న ప్రతి కమిటీ సభ్యుడూ వ్యక్తిగతంగా నిందితుడు కావాలి. వసూలు చేసిన జరిమానా తిరిగి ఇప్పించాలి. ఫిర్యాదు అందిన రోజే తహసీల్దారు ఆ ఊరికి వెళ్లి, వెలిపడ్డ ఇంటికి సరుకులు, నీళ్లు, పని దొరికేలా చూడాలి, రాజీ మాటలు ఆ తర్వాతే.