తెరచాప చుట్టేసి స్వేచ్ఛ వైపు

అక్టోబరు వచ్చిందంటే అమెరికా తూర్పు తీరంలో రెండు రకాల జీవులు దక్షిణం దారి పడతాయి. ఒకటి బాతులు. వాటికి ఇన్సూరెన్సూ డీజిలూ అక్కర్లేదు కాబట్టి వాటి గురించి రాయడానికేమీ లేదు. రెండోది, ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం వెలగబెట్టి, ఇల్లమ్మేసి, నలభై అడుగుల తెరచాప పడవ కొనుక్కుని, "ఇక మా మీద బాస్ ఎవడూ లేడు" అని పిల్లలకి మెసేజ్ పెట్టి ఫ్లోరిడాకి బయల్దేరే దంపతులు. వీళ్ళని సోమరులనీ, పనీపాటా లేని మారాజులనీ కొందరు ఆడిపోసుకుంటున్నారు. ఇది అన్యాయం. వాళ్ళ తరఫున నాలుగు ముక్కలు మాట్లాడే పెద్దమనిషి ఎవరూ కనబడకపోవడంతో ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు దారి సంగతి. వర్జీనియాలో నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలు. అక్కణ్ణుంచి మయామీ దాకా సుమారు 1,090 మైళ్ళు. సముద్రాన్ని పక్కనే పెట్టుకుని, సముద్రంలోకి దిగకుండా, నదులూ పాయలూ ఉప్పునీటి కయ్యలూ తవ్విన కాలువలూ ఒకదానికొకటి కలుపుకుంటూ పోయే జలమార్గం. ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు, ఆలనాపాలనా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ది. సముద్రం మీద అందరూ నాటికల్ మైళ్ళు లెక్కపెడితే ఈ దారిని మాత్రం రోడ్డు మైళ్ళలో కొలుస్తారు. పడవ వేగం గంటకి ఆరు మైళ్ళు, గాలీ నీళ్ళూ దయతలిస్తే ఏడు. కారులో రెండు రోజుల్లో తీరిగ్గా వెళ్ళే దూరానికి వీళ్ళకి నెల దాటుతుంది. తొందరేముంది, బాస్ లేడు కదా.

బాస్ లేడన్నది పూర్తిగా నిజం కాదు. ఇన్సూరెన్సు కంపెనీ ఉంది. అట్లాంటిక్ తుఫానుల సీజను జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. చాలా పాలసీల్లో, నవంబరు 1 లోపల ఫలానా గీత దాటి దక్షిణానికి వెళ్తే తుఫాను నష్టానికి మా పూచీ లేదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దాంతో అక్టోబరు నెలంతా వెనక నుంచి చలి తరుముతూ, ముందు నుంచి పాలసీ ఆపుతూ, వర్జీనియా, ఉత్తర కరొలైనా రేవుల్లో పడవలన్నీ పోగుపడతాయి. పొద్దున్నే డెక్ మీద మంచు పేరుకుని ఉంటుంది. లోపల రెండేసి స్వెట్టర్లు, తలకి ఊలు టోపీలు, చేతిలో కాఫీ, ఎదురుగా వాతావరణం యాప్. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరికి వెళ్ళాలంటే మేనేజరు ఒక్కణ్ణి బతిమాలుకుంటే సరిపోయేది.

గాలి ఉచితం, ఇంధనం ఖర్చు ఉండదు అనే కదా తెరచాప పడవ కొన్నది. అయితే ఈ దారి చాలాచోట్ల సన్నం, మలుపు మలుపుకీ దిక్కు మారుతుంది, గాలి ఎప్పుడూ ఎదురుగానే వీస్తుంది (గాలికి ఆ మాత్రం చమత్కారం ఉంది), అందువల్ల తెరచాపని శుభ్రంగా చుట్టి, మీద కవరు తొడిగి, డీజిల్ ఇంజను మీద వెళ్తారు. పొద్దున ఏడింటికి మొదలైన ఆ చప్పుడు సాయంత్రం నాలుగున్నరకి గానీ ఆగదు. తెరచాప ఎండకి పాడవుతుంది, ఖరీదైన వస్తువు, కాబట్టి దాన్ని విప్పకపోవడమే దానికిచ్చే మర్యాద అని నా అభిప్రాయం. ఆల్బెమార్ల్ సౌండ్ అనే పెద్ద కయ్యలాంటి వెడల్పాటి చోట గాలి కలిసొచ్చి ఓ గంట విప్పుతారు. ఆ గంటలో తీసిన ఫోటోలే ఏడాది పొడుగునా ఫేస్‌బుక్‌లో కనబడతాయి. ఆ సౌండ్ లోతు తక్కువ, గాలి కాస్త పెరిగితే చాలు నిలువు అలలు లేచి వంటింట్లో గిన్నెలన్నీ నేలమీదికొస్తాయి. ఆ ఫోటోలు మాత్రం ఎవరూ పెట్టరు.

ఇక వంతెనలు. ఈ మార్గం మీద కదలని వంతెనలన్నీ నీటికి 65 అడుగుల ఎత్తున ఉండాలని నియమం. నియమం అన్నాక మినహాయింపులుంటాయి. ఉత్తర కరొలైనాలో బెల్‌హేవెన్ దగ్గర విల్కర్సన్ వంతెన 64 అడుగులే అని పడవల వాళ్ళలో పెద్ద పేరు. మయామీలో జూలియా టటిల్ వంతెన అయితే 56. అరవై నాలుగు అడుగుల తెరచాప స్తంభం ఉన్న దంపతులు ఆ విల్కర్సన్ వంతెన కిందికి వెళ్ళే దృశ్యం ఎవరైనా జీవితంలో ఒక్కసారి చూడాలి. వేగం తగ్గిస్తారు. ఇద్దరూ మెడలు విరిగేలా పైకి చూస్తారు. కింద నుంచి చూస్తే ఏ వంతెనైనా తగిలేలాగే కనిపిస్తుంది. రేడియో యాంటెన్నా గర్డర్లకి తగిలి టింగ్, టింగ్, టింగ్ మంటుంది. అక్కడ నీటిమట్టం పెంచేదీ తగ్గించేదీ చంద్రుడు కాదు, గాలి. కాబట్టి పంచాంగం చూసుకుని వెళ్దామన్నా కుదరదు.

కదిలే వంతెనల కథ వేరు. వాటికి టైముంటుంది. ఫిగర్ ఎయిట్ ఐలాండ్ వంతెన గంటకీ అరగంటకీ తెరుస్తారు, దానికి సరిగ్గా ఐదు మైళ్ళ దూరంలో రైట్స్‌విల్ బీచ్ వంతెన గంటకొక్కసారే. తిరుమలలో దర్శనం స్లాటు తప్పినవాడి బాధ తెలిసిన మనకి దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పది గంటలకి మొదటిది దాటి, ఇంజను గొంతు చించుకునేలా నడిపి, ఎదురు ప్రవాహాన్ని తిట్టుకుంటూ పదకొండింటికి నాలుగు నిమిషాల ముందు రెండోదాని దగ్గరికి చేరతారు, లేదా పదకొండూ రెండుకి చేరి, తర్వాతి యాభై ఎనిమిది నిమిషాలూ అదే నీళ్ళలో ప్రదక్షిణాలు చేస్తారు. ఆ వేళలో రేడియోలో వంతెన ఆపరేటరుతో వాళ్ళు మాట్లాడే వినయం వింటే కళ్ళు చెమరుస్తాయి. పాతికమంది మీద పెత్తనం చేసి రిటైరైన మనిషి, "సార్, తమరు ఈసారి తెరిచినప్పుడు మేం కూడా దాటవచ్చునా" అంటాడు. దారిలో క్యాంప్ లెజూన్ అని మెరైన్ల స్థావరం ఒకటుంది, అక్కడ నిజం తూటాలతో సాధన చేసే రోజున జలమార్గమే మూసేస్తారు. దానికి మాత్రం ఎవరూ వాదన పెట్టుకోరు.

లోతు అధికారికంగా ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కణ్ణుంచి మయామీకి 10. అధికారికంగా మన రోడ్లకీ గుంతలుండవు. ఇసుక మేటలు ఏ తుఫానుకి ఎక్కడ వేస్తాయో ఇసుకకే తెలియాలి. చార్టులో, అంటే పడవలవాళ్ళ మ్యాపులో, ఈ దారిని వంగపువ్వు రంగు గీతగా గీస్తారు. దాన్ని గుడ్డిగా పట్టుకుని పోయి మేటకెక్కేవాళ్ళు ఎక్కువవడంతో, 2013లో చార్టుల శాఖ నోవా ఆ గీతనే తీసేయబోయింది. పడవలవాళ్ళు లబోదిబోమన్నారు. తప్పుడు గీతైనా ఫరవాలేదు గానీ గీత లేకుండా ఎలా బతకమంటారని వాళ్ళ బాధ. 2014లో, సరే మళ్ళీ గీస్తామని శాఖ దిగొచ్చింది. స్వేచ్ఛ కోరి ఇల్లు అమ్ముకున్న జనం గీత కోసం ప్రభుత్వంతో పోరాడి గెలిచిన ఉదాహరణ నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. పోటు మీద పచ్చగడ్డి మధ్య నుంచి హాయిగా సాగిన చోటే ఆరు గంటలు పోయాక చూస్తే బురద గట్లు. అందుకే ఆవిడ చుక్కాని దగ్గర కూర్చుని లోతు మీటరు చూస్తూ అంకెలు చదువుతుంది. తొమ్మిది, ఎనిమిదిన్నర, ఏడు, ఆరు. ఆయన ముందున్న చార్టులో పది అని ఉంది. కాపరంలో ఎవరి మాట నెగ్గాలన్న ప్రశ్నకి ముప్ఫై ఏళ్ళుగా దొరకని జవాబు అప్పుడు దొరుకుతుంది. ఇసుక చెబుతుంది.

సాయంత్రం లంగరు వేయడం అసలైన ఘట్టం. ముక్కు దగ్గర ఆయన గొలుసు పట్టుకుని నించుంటాడు, నలభై అడుగుల వెనక ఆవిడ చుక్కాని పట్టుకుని ఉంటుంది, మధ్యలో ఇంజను మోత. ఆయన చెయ్యి ఊపుతాడు. అది "ఆపు" అనా, "వెనక్కి" అనా, దోమని కొట్టాడా అన్నది ఆవిడ నిర్ణయించుకోవాలి. చుట్టుపక్కల లంగరేసిన పడవలన్నిట్లోనూ జనం సాయంత్రం డ్రింకులు పట్టుకుని బయటికొచ్చి కూర్చునేది ఆ టైముకే. చుట్టూ చూస్తూ కూర్చున్నవాళ్ళందరికీ అర్థమైనంత స్పష్టంగా ఆ దంపతులకి ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఈ సమస్య ఎంత విస్తృతమైనదంటే, చెవులకి పెట్టుకుని మెల్లగా మాట్లాడుకునే వైర్‌లెస్ హెడ్‌సెట్లకి పడవలవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరే "కాపురాన్ని కాపాడేవి". రాత్రి రెండున్నరకి ప్రవాహం దిక్కు మారి, పడవ గుండ్రంగా తిరిగి, ఫోన్‌లో లంగరు అలారం మోగుతుంది. లంగరు జారిందా, పడవ ఊరికే తిరిగిందా? ఎవరో ఒకరు లేచి చలిలో టార్చిలైటు పట్టుకుని చూసి రావాలి. ఎవరు లేవాలన్న దానికి హెడ్‌సెట్ పనికిరాదు.

మరుగుదొడ్డి గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి, ఎందుకంటే ప్రయాణం ప్రణాళిక మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. తీరానికి మూడు నాటికల్ మైళ్ళ లోపల శుద్ధి చేయనిది నీళ్ళలోకి వదలడం చట్టవిరుద్ధం, మంచి చట్టం. కాబట్టి అంతా పడవలోనే ఒక ట్యాంకులో దాచి, పంపుతో లాగేసే రేవు దొరికేదాకా మోసుకుపోవాలి. మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతుండగా ఈ ట్యాంకు నిండుతుంటుంది. బ్యాటరీ శాతం, నీళ్ళ శాతం, ఆ శాతం: పొద్దున లేచి ముందు చూసే మూడు అంకెలు ఇవే. షేర్ మార్కెట్ అంకెలు నాలుగోవి.

అయితే దారిలో మనుషులు మంచివాళ్ళు, అది ఒప్పుకోవాలి. ఉత్తర కరొలైనాలో ఎలిజబెత్ సిటీలో 1983 నుంచి పడవల మీద వచ్చినవాళ్ళకి గులాబీ పువ్విచ్చి స్వాగతం చెప్పే ఆనవాయితీ ఉంది. జార్జియాలో సెయింట్ మేరీస్ ఊరివాళ్ళు థాంక్స్‌గివింగ్ నాడు టర్కీ వండిపెట్టి పడవలవాళ్ళందరికీ బంతి భోజనం పెడతారు. ఎలిజబెత్ సిటీకి డిస్మల్ స్వాంప్ కాలువ మీదుగా వస్తే నీళ్ళు టీ రంగులో ఉంటాయి, రెండు పక్కలా చెట్లు వంగి ఉంటాయి, రెండు చివరలా లాకులు. 22 మైళ్ళ ఆ కాలువని 1793 నుంచి పన్నెండేళ్ళపాటు తవ్వింది బానిసలు. యజమానుల దగ్గర్నుంచి పారిపోయి అదే చిత్తడిలో దాక్కుని బతికినవాళ్ళూ ఉన్నారు. స్వేచ్ఛ కోసం దక్షిణానికి వెళ్తున్నాం అని చెప్పుకునేవాళ్ళు అక్కడ ఉన్న బోర్డు ఒక నిమిషం చదివి, బాగుందని ఫోటో తీసుకుని, లాకు తెరిచే టైమవుతోందని పరుగెత్తుతారు.

మనకీ ఇలాంటి దారొకటి ఉంది. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా బకింగ్‌హామ్ కాలువ, 1806లో మొదలై, 1876-78 కరువు పనుల్లో పెరిగి, అప్పటి గవర్నరు పేరు తగిలించుకుంది. పైన కొమ్మమూరు కాలువతో కలిసి, కాకినాడ నుంచి నీటి మీదే దక్షిణానికి పోవచ్చనిపించుకుంది. ఉప్పూ బియ్యమూ కట్టెలూ మద్రాసుకి చేరేసిన పడవలవాళ్ళు గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. పడవలోనే వంట, పడవలోనే నిద్ర, నీళ్ళు పొదుపు, దీపం పొదుపు. దాన్ని పేదరికం అన్నాం. అదే పనిని పింఛను డబ్బుతో, జీపీఎస్ పెట్టుకుని చేస్తే జీవనశైలి. 2008లో ఆ కాలువని జాతీయ జలమార్గం నంబరు 4లో చేర్చారు, కాబట్టి దాని మీద ఎవరికైనా తెరచాప ప్రయాణం చేయాలని ఉంటే నంబరు సిద్ధంగా ఉంది. నీళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆలోగా, రిచ్‌మండ్‌లోనూ రాలీలోనూ రిటైర్మెంటుకి దగ్గరపడిన తెలుగు జంటలకి నాదొక సలహా. మీరు ఈ ప్రయాణానికి పుట్టినవాళ్ళు. ఆవకాయకి ఫ్రిజ్ అక్కర్లేదు, బకెట్ నీళ్ళతో స్నానం మీకు కొత్త కాదు, "ఏమండీ, లోతు ఆరే ఉందండీ" అంటే "నాకు తెలుసులేవోయ్" అనే సంప్రదాయం మనకి ముందునుంచీ ఉన్నదే. ప్రెషర్ కుక్కరు అయితే అక్కడి పడవలవాళ్ళు గ్యాస్ ఆదాకి తప్పనిసరి అంటారు, మీరు విడిగా కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. నీటి మీద కూతలకి అర్థాలున్నాయి. మూడు పొట్టి కూతలంటే నా ఇంజను వెనక్కి నడుస్తోంది, చూసుకోండి అని. కాబట్టి నిండు రేవులో కందిపప్పు పెట్టి మూడో కూతకి దింపారంటే పక్క పడవలవాళ్ళు గుద్దుకోకుండా అడ్డం పెట్టే రబ్బరు ఫెండర్లు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. నాలుగో కూత దాకా ఉంచండి, పప్పు కాస్త మెత్తబడితే వచ్చే నష్టం లేదు, పొగమంచు ఉన్న పొద్దున అయితే నాలుగంటే ఓడలకి దారి చూపే పైలట్ బోటు అని దారి ఇస్తారు కూడా. ఐదో కూత మాత్రం రానివ్వకండి. ఐదంటే ప్రమాదం అని అర్థం, పప్పు మాడిందని వాళ్ళకి వివరించేసరికి కోస్ట్ గార్డ్ వచ్చేస్తుంది.