ఎహీదో అంటే పోరంబోకు కాదు

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. "బాహాలో డర్ట్ బైక్ రైడ్‌కి వెళ్తున్నారా? ఈ 7 విషయాలు తెలిస్తే చాలు" అని మొదలవుతుంది. బాహా అంటే అమెరికా కాలిఫోర్నియాకి దిగువన ఉన్న మెక్సికో ద్వీపకల్పం. మొదట శాన్ డియేగోలో మాతో రైడ్‌కి వచ్చే తమ్ముడొకడు పంపాడు. తర్వాత డాలస్ గ్రూపు, ఆ తర్వాత ఫీనిక్స్‌లో ఉండే మా బావ. నాలుగోది ఎప్పుడూ బైక్ ఎక్కని ఆఫీసు ఫ్రెండ్. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు దగ్గరపడ్డాయి, బైకులు ట్రక్కులకెక్కించుకుని సరిహద్దు దాటే మనవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. ఇది నమ్మి పదిమంది వెళ్లినా చాలు, ఆ తర్వాత వెళ్లేవాళ్లకి దార్లు మూసుకుపోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నా.

చిన్నవి ముందు తేల్చేద్దాం. "మెక్సికో వీసా అక్కర్లేదు, అమెరికా ఇన్సూరెన్స్ చాలు" అన్నారు. మొదటి సగం సరే. పాస్‌పోర్టులో గడువు దాటని అమెరికా వీసా స్టాంప్ ఉంటే చాలు. రెండో సగం తప్పు. అక్కడ అమెరికా పాలసీ లెక్కలోకి రాదు, మెక్సికో పాలసీ విడిగా తీసుకోవాలి. రోజుల లెక్కన ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఐదు నిమిషాల పని. "మిలిటరీ చెక్‌పాయింట్ కనిపిస్తే పక్కదారి పట్టండి" అని ఇంకొకటి. తుపాకులు పట్టుకుని నిలబడ్డ సైనికుల ముందు బండి తిప్పుకుని పారిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లని ఏమనాలి? ఆగండి, హెల్మెట్ తీయండి, అడిగినదానికి జవాబు చెప్పండి. రెండు నిమిషాల్లో పంపించేస్తారు.

అసలు నన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నది మూడో పాయింటు. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "మెక్సికోలో సగం భూమి ఎహీదోలది. ఎహీదో అంటే మన పోరంబోకు లాంటిది, ఎవరిదీ కాదు. గేటు ఉంటే తీసుకుని వెళ్లిపోండి, ఎవరూ అడగరు."

ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజానికి దగ్గర. దేశంలో దాదాపు సగం నేల ఎహీదోలు, అంటే భూమిని ఉమ్మడిగా పొందిన ఊరి రైతుల సంఘాలు, స్థానిక సముదాయాల చేతిలో ఉంది. అది ఊరికే రాలేదు. 1910లో మొదలైన విప్లవం భూమి కోసం జరిగింది. పెద్ద పెద్ద ఎస్టేట్లలో తరతరాలుగా కూలి చేసినవాళ్లు నేల కావాలని ప్రాణాలిచ్చారు. 1917 రాజ్యాంగంలో 27వ అధికరణం దాన్ని హక్కు చేసింది. 1934 నుంచి 1940 వరకు అధ్యక్షుడిగా ఉన్న లాసరో కార్దెనాస్ ఒక్కడే సుమారు 1.8 కోట్ల హెక్టార్లు పంచాడు. మనకు తెలిసిన పోలిక కావాలంటే అసైన్డ్ భూమి కొంత దగ్గర: ప్రభుత్వం పేదవాడికి ఇస్తుంది, అమ్ముకోనివ్వదు. అలాంటి భూమిని ఊరంతటికీ ఉమ్మడిగా ఇచ్చారనుకోండి. 1992లో చట్టం మారేదాకా ఎహీదో భూమిని అమ్మడానికి వీల్లేదు. ఇప్పటికీ సభ్యులు సభ పెట్టుకుని ఓట్లేసి నిర్ణయాలు తీసుకుంటారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారితో ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. మన ట్రయిల్ చాలాచోట్ల వాళ్లు పశువులు మేపుకునే ఉమ్మడి నేల మీదుగానే పోతుంది. ఎవరిదీ కాకపోవడం ఏమిటి? పేరు పేరునా అంతమంది హక్కుదార్లు ఉన్నారు.

ఇక గేటు సంగతి. బాహాలో పశువులు పెంచే రాంచోల గేటంటే మనం అనుకునే ఇనుప గేటు కాదు. నాలుగైదు వరసల ముళ్లతీగ, దాన్ని నిలబెట్టడానికి కట్టిన కర్రలు, అంతే. చివరి కర్ర అడుగు కొస కంచె గుంజకున్న కింది తీగ ఉచ్చులో దిగుతుంది, పై కొస పై ఉచ్చులో తగులుతుంది. మూయాలంటే ముందు కింద దించి, కర్రను భుజంతో అదిమిపట్టి, పై ఉచ్చు లాగి తగిలించాలి. గ్లవ్స్‌తో చేతకాదు, గ్లవ్స్ తీస్తే చెయ్యి గీసుకుపోతుంది. అందుకే చాలామంది అలా పడేసి పోతారు.

మేమూ పడేసి పోయాం. మూడేళ్ల క్రితం, బాహా ఉత్తర భాగంలోని శాన్ పెద్రో మార్తిర్ కొండలకి పడమటి వైపు, తొమ్మిదిమందిమి. ఆఖరివాడు మూస్తాడని ముందువాళ్లం అనుకున్నాం. ముందువాళ్లు తెరిచే ఉంచమన్నారేమోనని ఆఖరివాడు అనుకున్నాడు. మర్నాడు అదే దారిన తిరిగొస్తుంటే ఒక పెద్దాయన కంచరగాడిద మీద ఎదురొచ్చాడు. ఎనిమిది ఆవులు బయటికి పోయాయి, ఐదు దొరికాయట. ఒక్క మాట తిట్టలేదు. కిందపడున్న గేటు కర్రను ఎత్తి, దాని మీదున్న దుమ్ము చేత్తో తుడిచాడు. నీళ్ల తొట్టి కంచెకి ఇవతలే ఉందని మాలో స్పానిష్ వచ్చినవాడితో చెప్పాడు. ఆ ఎడారిలో ఆవు అవతలే ఉండిపోతే దాహంతో చస్తుంది, లేదంటే రాత్రి హైవే మీదికెక్కి లారీ కింద పడుతుంది. ఆ రోజు రైడ్ మానేసి సాయంత్రం దాకా వెతికాం. రెండు దొరికాయి, మూడోది దొరకలేదు. డబ్బు ఇచ్చాం, తీసుకున్నాడు. మరుసటి ఏడాది వెళ్లేసరికి ఆ గేటుకి గొలుసూ తాళమూ ఉన్నాయి. ఆ తాళం వేయించింది మేమే.

"ఎవరూ అడగరు" అని రాసినవాళ్ల పెరట్లోంచి చెప్పాపెట్టకుండా పన్నెండు బైకులు పోనిస్తే వాళ్లు అడగరా?

గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలాలి. మూసి ఉంటే మూయాలి. తెరిచి ఉన్నదాన్ని మంచికని మూసినా నష్టమే, పశువులు నీళ్లకి పోయే దారి అదే కావచ్చు. గేటు తీసినవాడే చివరి బండి దాటేదాకా అక్కడ నిలబడి మూయాలి. తాళం ఉంటే వెనక్కి తిరగాలి. ఇల్లు కనిపిస్తే దూరంలోనే ఇంజన్ ఆపి, హెల్మెట్ తీసి, ఒక్కరే నడిచి వెళ్లండి. ముందు "బ్వేనోస్ దీయాస్" అని పలకరించాలి, ఆ తర్వాతే "సె ప్వేదె పసార్?", అంటే వెళ్లొచ్చా అని అడగడం. పలకరింపు లేకుండా ప్రశ్న వేస్తే అక్కడ మొరటుతనం. దాటడానికి కొన్ని పెసోలు అడిగితే బేరమాడకండి. మనం రెండు కాఫీలకి పెట్టే డబ్బు అది.

"1967 నుంచి బాహా 1000 రేసు అక్కడే జరుగుతోంది, వాళ్లు పోతే మనమెందుకు పోకూడదు" అని ఐదో పాయింటు. రేసు నడిపేవాళ్లు ముందే అధికారుల దగ్గరా భూమి గలవాళ్ల దగ్గరా అనుమతులు తీసుకుని రూటు వేస్తారు. ఆ అనుమతి ఆ రేసుకే, మనకి కాదు.

"బీచ్‌లన్నీ ప్రభుత్వానివి, ఇసుకలో ఎంత దూరమైనా తోలుకోవచ్చు" అన్నది ఇంకా ఘోరం. సముద్రపు అంచున 20 మీటర్ల పట్టీ కేంద్ర ప్రభుత్వానిదే, జనం తిరగొచ్చు. బండి తోలడం వేరు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో వాహనాలు నిషేధం. బాహా దక్షిణాన తోదోస్ సాంతోస్ ఊరి వైపు తీరంలో గోల్ఫీనా తాబేళ్లు (మన ఆలివ్ రిడ్లీలే) వచ్చి ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. దాదాపు 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. అరచేతిలో పట్టేంత పిల్ల. టైరు గాడిలో పడితే ఎక్కి రాలేదు, సముద్రం పది అడుగుల్లో ఉన్నా చేరుకోలేదు. ఆ గాడి మనం వేసిందే.

"వెనకబడ్డవాళ్ల కోసం ఆగక్కర్లేదు, జాడ ఉంటుంది." ఉండదు. వాగు ఇసుకలో జాడలు పాతిక ఉంటాయి. దారి చీలిన ప్రతిచోటా వెనక బండి కనిపించేదాకా ఆగాలి, ఎవరి వెనకవాడికి వాళ్లే బాధ్యులు. సిగ్నల్ లేని చోట ఒక మనిషి తప్పిపోతే ఏమవుతుందో రాయనక్కర్లేదు.

ఆఖరి పాయింటు "దారిలో పిల్లలకి స్టిక్కర్లు, చాక్లెట్లు ఇవ్వకండి, ఆగితే టైమ్ వేస్ట్". మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. నేను పదేళ్లుగా జేబు నిండా స్టిక్కర్లు వేసుకుని పోతున్నా. కానీ ఇది సరైన మాటే, చెప్పిన కారణమే తప్పు. పోయిన నవంబర్‌లో ఒక ఊరి చివర, ఆరేడేళ్ల బాబు బండి చప్పుడు వినగానే చెయ్యి చాపుకుంటూ దారి మధ్యలోకి పరిగెత్తుకొచ్చాడు. నా ముందు చక్రం వాడికి రెండడుగుల దూరంలో ఆగింది. బండి వస్తే ఏదో ఒకటి దొరుకుతుందని వాడికి అలవాటు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు స్టిక్కర్లు ఊళ్లో కొట్టు నడిపే ఆవిడ చేతికిచ్చి వస్తున్నాను.