శిల్పం పెడతామంటే ముందు నీళ్లు ఎటు పోతాయో చెప్పండి

ఊళ్లో ఏ పేటలోనైనా పెద్ద శిల్పం పెడతామనగానే మాటలన్నీ బొమ్మ చుట్టూనే తిరుగుతాయి. ఎంత ఎత్తు, ఎవరు చేస్తున్నారు, ముఖం ఎటువైపు, ముసుగు తీసేదెవరు. నమూనా బల్ల మీద పెడతారు, నలుగురూ తలాడిస్తారు, ఫొటో దిగుతారు. వాన పడ్డాక దాని పొట్టలోకి చేరిన నీళ్లు ఏ దారిన బయటికి పోతాయని అడిగేవాడు ఆ గదిలో ఒక్కడూ ఉండడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేని శిల్పానికి అనుమతే ఇవ్వకూడదంటాను.

కళ గొడవ నాకొద్దు. 1967లో చికాగోలో పికాసో శిల్పం నిలబెడితే ఇదేం బొమ్మని వెక్కిరించారు, తర్వాత అదే ఆ ఊరి గుర్తుల్లో ఒకటైంది. 1981లో న్యూయార్క్‌లో శిల్పి రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ఉక్కు గోడను ఒక ఆఫీసుల ఆవరణలో నిలబెడితే, అటూ ఇటూ నడిచే దారికి అడ్డమని అక్కడివాళ్లు గోల చేశారు. 1989లో దాన్ని కోసి తీసేశారు. జనం మనసు ఎటు మళ్లుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. తుప్పు సంగతి అలా కాదు, డ్రాయింగ్ చూసి చెప్పేయొచ్చు.

బయట నిలబెట్టే లోహపు బొమ్మలు దాదాపు అన్నీ బోలువే. కంచు విగ్రహం చూస్తే ఒకే ముద్దలా ఉంటుంది గానీ గోడ మందం మామూలుగా 5, 6 మిల్లీమీటర్లకు మించదు. ముక్కలుగా పోతపోసి, సిలికాన్ కంచు తీగతో అతికి, అతుకులు కనపడకుండా సాపు చేసి, పైన మందులతో రంగు తెప్పిస్తారు. లోపల ఉక్కు అస్థిపంజరం ఉంటుంది. "గాలి కూడా దూరకుండా మూసేశాం, నీళ్లెలా వస్తాయండీ" అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. ఎండకు లోపలి గాలి వేడెక్కి, వెల్డింగులో ఎక్కడో ఉన్న సూది బెజ్జంలోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అదే బెజ్జం తేమగాలిని లోపలికి లాగుతుంది. ఆ తేమ లోపలి గోడకు చెమటలా పట్టి, కిందికి జారి, చీలమండల దగ్గర నిలుస్తుంది. బొమ్మ ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట. సూది బెజ్జం కూడా లేని పెద్ద బొమ్మను ఎవరూ చేయలేరు కాబట్టి, మూయడం మీద ఆశ పెట్టుకోకుండా చిల్లులు పెట్టడమే తెలివైన పని.

చిల్లు ఎక్కడ? నీళ్లు నిలిచే ప్రతి పల్లంలోనూ. మడిచిన మోకాలు, చాచిన అరచెయ్యి, వస్త్రం మడత, పడుకున్న జంతువు పొట్ట. సైజు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. అందం పోతుందని 3 మిల్లీమీటర్ల చిల్లు పెడితే ఒక్క ఏడాదిలో దుమ్ముతోనో పురుగు గూడుతోనో పూడుకుపోతుంది. ఇంత చేశాక కూడా చివర్లో ఒక తప్పు జరుగుతుంది: బొమ్మ పాదంలో చిల్లు ఉంటుంది, కింద బేస్ ప్లేటులోనూ, అంటే బొమ్మను పునాది మీద నిలిపే పలకలోనూ ఉంటుంది, ప్లేటు కింద సందు నిండేలా గ్రౌట్ అనే సిమెంటు ముద్ద పోసిన మేస్త్రీ మాత్రం దాన్ని శుభ్రంగా పూడ్చేస్తాడు. అతనికెవరూ చెప్పలేదు మరి. గ్రౌట్ పోసేముందు ఆ చిల్లుకింద ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి పక్కకు దారి తీస్తే సరిపోయేది. పది నిమిషాల పని.

పోత పోసేటప్పుడు బొమ్మ బోలుగా రావడానికి లోపల పెట్టే మట్టి ముద్ద, అంటే కోర్, కదలకుండా ఇనుప మేకులు దిగ్గొడతారు. పని అయ్యాక వాటిని లాగేసి, కోర్ మట్టిని గోకేసి, బెజ్జాలను కంచుతోనే మూయాలి. తొందరలో వదిలేస్తే మట్టి నీళ్లు పీల్చుకుని కూర్చుంటుంది, మేకు తుప్పు పట్టి కంచు మీద గోధుమరంగు చార కారుతుంది. కంచుబొమ్మ చెంప మీద అలాంటి చార కనబడితే, పైన తుడిచి లాభం లేదు. జబ్బు లోపలుంది.

రెండు లోహాలు తాకే చోట నీళ్ల పని ఇంకా ఘోరం. న్యూయార్క్‌లోని లిబర్టీ విగ్రహాన్ని మించిన పాఠం దీనికి లేదు. 1886లో నిలబెట్టిన ఆ విగ్రహానికి రాగి తొడుగు మందం 2.4 మిల్లీమీటర్లే, దాన్ని లోపల్నుంచి పట్టి ఉంచినవి ఇనుప పట్టీలు. తడిలో రాగీ ఇనుమూ తాకితే ఇనుము కరిగిపోతుందని కట్టినవాళ్లకు తెలుసు. అందుకే మధ్యలో లక్కలో నానబెట్టిన ఆస్బెస్టాస్ పెట్టారు. కాలం గడిచేసరికి అది చెడి, తేమను పట్టి ఉంచే స్పాంజిలా తయారై, ఆపాల్సిన తుప్పునే పెంచింది. ఇనుము ఉబ్బి, రాగిలోంచి రివెట్లను ఊడదన్నింది. 1984-86 మరమ్మతుల్లో ఆ పట్టీలు తీసేసి 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ ఉక్కు పట్టీలు వేసి, రాగికీ వాటికీ మధ్య టెఫ్లాన్ పెట్టారు. ఇంత జరిగాక కూడా, కనపడదు గదా అని కంచుబొమ్మలో మామూలు ఇనుప యాంగిల్ పెట్టి అతికేవాళ్లను ఏమనాలి? ఇంకొందరు జాగ్రత్తపరులు రబ్బరు వాషర్ వేస్తారు, బోల్టు ఒంటికి మాత్రం తొడుగు వేయరు. ప్లేట్లు రెండూ తాకవు, బోల్టు మాత్రం రెంటినీ తాకుతూనే ఉంటుంది. వేసిన వాషర్ దండగ.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదనే మాట సగమే నిజం. సముద్రపు గాలి తగిలే చోట 304 రకం వాడితే పైన టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం కావాలి. గీతల ఫినిష్ ఇస్తే గీతలు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే ప్రతి గీతా మురికికి అరుగే. అన్నిటికంటే చిరాకు పుట్టించే తప్పు వర్క్‌షాపులో జరుగుతుంది. పొద్దున మామూలు ఇనుము మీద తిప్పిన గ్రైండింగ్ చక్రాన్నే మధ్యాహ్నం స్టెయిన్‌లెస్ మీద తిప్పుతారు. ఇనుప రవ్వలు మెరిసే పైభాగంలో గుచ్చుకుని ఉండిపోతాయి. ఆరోజు అద్దంలా మెరుస్తుంది. కొన్ని వారాలకు ఒళ్లంతా గోధుమ చుక్కలు లేస్తాయి. అప్పుడు "సరుకు నకిలీది" అని సప్లయర్ మీద పడతారు. సరుకు మంచిదే, చక్రం తప్పు. వెల్డింగ్ తర్వాత ఆ నల్లటి మాడును యాసిడ్ పేస్టుతో తీసి కడగకపోయినా ఇదే గతి.

ఇక కోర్‌టెన్ ఉక్కు, అంటే తుప్పునే అందంగా చూపించే రకం. దాని సూత్రం తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. అలా అయితేనే పైపొర గట్టిపడి లోపలి ఉక్కును కాపాడుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట, ఆకులు పేరుకునే మూలల్లో, మట్టిలో పాతిన అడుగున ఆ పొర గట్టిపడదు, మామూలు ఇనుములాగే పొరలు పొరలుగా రాలుతుంది. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వేసి బోల్టు బిగిస్తే మధ్య సందులో తుప్పు పెరుగుతుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు తింటుంది కాబట్టి బోల్టు తెగేదాకా తోస్తుంది. పైగా మొదటి కొన్నేళ్లు ప్రతి వానకీ కాషాయపు నీళ్లు కారతాయి. చుట్టూ తెల్లరాయి పరిచి మధ్యలో కోర్‌టెన్ నిలబెట్టే డిజైనర్‌కు ఎంత మర్యాదగా చెప్పినా తలకెక్కదు. చుట్టూ అరమీటరు వెడల్పున కంకర పరిచి, కింద కాలువ పెడితే గొడవే ఉండదు.

రంగు వేసిన ఉక్కు గురించి ఒక్క ముక్క చాలు: ముందు అంచులు గుండ్రం చేయండి. కత్తిలాంటి అంచు మీద రంగు నిలవదు, పలచబడి అక్కడే మొదట పొక్కుతుంది. సిమెంటు బొమ్మలకు చువ్వమీద 40 నుంచి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. వేళ్లకూ ముక్కుకూ అంత మందం రాదు కాబట్టి ముందు పెచ్చులూడేది అక్కడే. ఆ భాగాలకైనా స్టెయిన్‌లెస్ చువ్వ వాడాలి.

పునాదిలో నీళ్లకు గాలి తోడవుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: సెకనుకు 50 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువు. 6 మీటర్ల ఎత్తు, గాలికి ఎదురుగా 10 చదరపు మీటర్లు ఉన్న బొమ్మ తీసుకోండి. ఆకారాన్ని బట్టి గాలి ఎంత పడుతుందో చెప్పే గుణకం 1.2 వేస్తే తోపు 18 కిలోన్యూటన్లు, అంటే 18 వేల న్యూటన్లు. అది సగం ఎత్తున, 3 మీటర్ల దగ్గర పని చేస్తుందనుకుంటే పడదోసే బలం 54 కిలోన్యూటన్-మీటర్లు. రెండున్నర మీటర్ల చదరం, 80 సెంటీమీటర్ల మందం ఉన్న పునాది బరువు పన్నెండున్నర టన్నులు. అది 150 కిలోన్యూటన్-మీటర్ల దాకా ఆపుతుంది, అంటే 2.8 రెట్ల నిబ్బరం. బాగానే ఉంది. ఇప్పుడు ఎవరో వచ్చి, ఠీవిగా కనపడాలి, 2 మీటర్ల దిమ్మె కట్టి పైన పెట్టండి అంటారు. తోపు అంతే, అది పని చేసే ఎత్తు మాత్రం 3 నుంచి 5 మీటర్లయింది. 54 కాస్తా 90 అవుతుంది, నిబ్బరం 1.7 రెట్లకు పడిపోతుంది. దిమ్మె మీద పడే గాలిని ఇందులో లెక్కేయనే లేదు. పునాది డ్రాయింగు మాత్రం పాతదే ఉంటుంది. ఇంగ్లండులో గేట్స్‌హెడ్ దగ్గర 1998లో నిలబెట్టిన ఏంజెల్ ఆఫ్ ది నార్త్ అనే ఉక్కు శిల్పం బరువు 200 టన్నులు, రెక్కల పొడవు 54 మీటర్లు. దాని కింద పోసిన కాంక్రీటు 600 టన్నులు, నేలలోకి దించిన పునాది స్తంభాలు (పైళ్లు) 20 మీటర్ల లోతుకు దిగాయి. అసలు పని ఎక్కడ జరిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

బొమ్మను పునాదికి పట్టే బోల్టుల దగ్గర జరిగే మోసం చిన్నదిగా కనిపిస్తుంది. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులను సరైన చోట రంధ్రాలున్న ఉక్కు పలకతో (టెంప్లేటుతో) పట్టి ఉంచకపోతే అవి అయిదో పదో మిల్లీమీటర్లు పక్కకు ఒరుగుతాయి. క్రేన్ వచ్చి నిలబడి ఉంటుంది, గంటల లెక్కన బిల్లు నడుస్తుంది, ప్లేటు దిగదు. గ్యాస్ కట్టర్ తెచ్చి రంధ్రాన్ని అక్కడికక్కడే పెద్దది చేస్తారు. జింకు పూత కాలిపోతుంది, వాషర్ సగం గాల్లో ఉంటుంది, పైన సీలెంటు పూసి రంగు కొడతారు. ఆ చోటే నీళ్లకు ఇల్లు. మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర రాజ్‌కోట్ కోటలో 35 అడుగుల శివాజీ విగ్రహం 2023 డిసెంబరులో ఆవిష్కరించగా, 2024 ఆగస్టు 26న కూలిపోయింది. నట్లూ బోల్టులూ తుప్పు పడుతున్నాయని అంతకు కొద్దిరోజుల ముందే ప్రజాపనుల శాఖ నుంచి లేఖ వెళ్లింది. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. అందుకే నట్లు కనిపించేలా, స్పానర్ పట్టేలా ఉండాలంటాను. అందం కోసం మూత పెడితే ఆ మూత తీసే వీలుండాలి.

జనం మసిలే చోట పెడుతున్నప్పుడు పిల్లలు ఎక్కుతారనే లెక్కతోనే కట్టాలి. ఎక్కవద్దని బోర్డు పెట్టడం పని తప్పించుకోవడమే. ఆటస్థలాల ప్రమాణాల్లో 9 నుంచి 23 సెంటీమీటర్ల సందును ప్రమాదంగా చూస్తారు. పిల్ల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. శిల్పానికీ అదే లెక్క వేయండి. లోపలికి వంగిన అద్దపు ఫినిష్ ఎండను ఒక్కచోట పోగేస్తుంది. 2013లో లండన్‌లో అలా వంగిన ఒక అద్దాల భవనం కింద ఆపిన కారు భాగాలు కరిగిపోయాయి.

ఇంతా చేసి నిలబెట్టాక తుడిచేదెవరు? కళకు నిధులు తీసిపెట్టే పద్ధతి కొత్తది కాదు. కట్టడపు ఖర్చులో కొంత శాతం కళకివ్వాలని ఫిలడెల్ఫియా 1959లోనే చట్టం చేసింది. ఆ ముచ్చటలో కొనడానికున్న ఉత్సాహం కడగడానికి ఉండదు. చికాగోలో 168 స్టెయిన్‌లెస్ ప్లేట్లతో చేసిన, అద్దంలా మెరిసే క్లౌడ్ గేట్ శిల్పాన్ని చూసి అలాంటిదే కావాలంటారు. దాని కింది 6 అడుగులూ రోజుకు రెండుసార్లు చేత్తో తుడుస్తారని, ఏడాదికి రెండుసార్లు మొత్తం కడగడానికి 150 లీటర్ల సబ్బు ద్రవం పడుతుందని చెబితే మొహం చాటేస్తారు. మామూలు కంచుబొమ్మకు అంత అక్కర్లేదు. ఏడాదికోసారి క్షారం లేని తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరాక గ్యాస్ మంటతో కొద్దిగా వెచ్చచేసి మైనం రుద్ది, గుడ్డతో మెరుగు పెడితే చాలు. ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన, ఒక పూట. పావురాల రెట్ట మాత్రం ఏడాది దాకా ఆగదు, కనిపించినప్పుడల్లా కడగాల్సిందే.

కాంట్రాక్టులో రెండు షరతులు రాయించండి. ఒకటి, లోహం రకం, వెల్డింగ్ తీగ పేరు, రంగు కోడ్, చిల్లుల స్థానాలు ఉన్న ఫైలు చేతికొచ్చేదాకా చివరి బిల్లు ఆపడం. రెండు, ముసుగు వేయకముందు తల మీదనుంచి గంటసేపు పైపుతో నీళ్లు పోయించడం. పైపు కట్టేసి ఇంకో గంట ఆగి, చిల్లులన్నీ కారుతున్నాయా, కారడం ఆగిందా చూడాలి. ఆపైన సుత్తి పిడితో కాళ్ల దగ్గర తట్టండి. పైన బోలుగా మోగి చీలమండ దగ్గర మొద్దుగా మోగితే నీళ్లు ఇంకా లోపలే ఉన్నట్టు, ఆవిష్కరణ తేదీ మార్చుకోండి.