బ్యాటరీ పడుకుంది, నోరు లేచింది

(తాళం తిప్పితే టకటకమన్న చప్పుడు తప్ప కారు ఉలకడం లేదు. సూర్యం బ్యాటరీని విప్పి, రెండు చేతులతో మోసుకుంటూ పడకగది గుమ్మం దాకా తెచ్చాడు. గుమ్మానికి అడ్డంగా అనసూయ నిలబడి ఉంది.)

అనసూయ: దాన్ని ఎక్కడికి తీసుకువెళుతున్నారండీ?

సూర్యం: పడకగదిలో ప్లగ్గు ఖాళీగా ఉంది. తలుపులు మూసి రాత్రంతా చార్జింగు పెడితే తెల్లవారేసరికి నిండిపోతుంది. ఇందుకు నీ అనుమతి కావాలని నేననుకోలేదు.

అనసూయ: నా అనుమతి అక్కరలేదు గాని, హైడ్రోజన్ అనుమతి కావాలి. చార్జింగు చివరి దశకు వచ్చేసరికి లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకి వస్తాయి. గాలిలో నూటికి 4 వంతుల హైడ్రోజన్ చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మీ గురకలాగా ముందుగా చాటింపు వేసి రాదు.

సూర్యం: సరే, వరండాలో పెడతాను. అక్కడ గాలి బాగానే ఆడుతుంది గాని వెలుతురే లేదు. ఆ అగ్గిపెట్టె ఇలా ఇవ్వు, మూతలు తీసి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూస్తాను.

(అనసూయ ఏమీ అనలేదు. ఆ మౌనం ఎలాంటిదో అనుభవం మీద తెలిసినవాడు కనుక, సూర్యం తనంతట తానే అల్మారాలోని టార్చిలైటు తెచ్చుకున్నాడు.)

అనసూయ: చేతికున్న ఉంగరం కూడా తీసి పెట్టండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు పక్కలు మూసి ఉండే అద్దాలు పెట్టుకోండి. అందులో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం.

సూర్యం: అద్దాలంటే అర్థముంది, ఉంగరం ఏం చేసింది? ఉన్నది పన్నెండు ఓల్టులే కదా, అది నన్నేం షాక్ కొడుతుంది?

అనసూయ: మిమ్మల్ని కొట్టదు, నిజమే. కానీ ఉంగరమో స్పానరో బ్యాటరీ మీది ప్లస్, మైనస్ టెర్మినళ్లు రెండింటికీ ఒకేసారి తగిలిందంటే, వందల ఆంపియర్ల కరెంటు దాని గుండా పోయి క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఉంగరం మీద నాకు బెంగ లేదు, దాని లోపలి వేలు గురించే చెబుతున్నాను.

సూర్యం: (టార్చి వేసి చూస్తూ) ఒక సెల్లులో, అదే ఒక మూత కింది గదిలో, ప్లేట్లు పైకి కనిపిస్తున్నాయి. కుళాయి నీళ్లు పట్టి అంచుదాకా పోసేస్తాను.

అనసూయ: ఒకే వాక్యంలో రెండు తప్పులు చేయడం మీకే చెల్లింది. కుళాయి నీటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి, కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. అది కూడా ఇప్పుడు ప్లేట్లు మునిగేంత వరకే. చార్జింగు అవుతున్నకొద్దీ ద్రవం మట్టం పెరుగుతుంది కనుక ఇప్పుడే నింపేస్తే ఆమ్లం పొంగి నేల మీదికి వస్తుంది. గుర్తు వరకు నింపడం చార్జింగు పూర్తయిన తర్వాతి మాట.

సూర్యం: మంచిది. చార్జరు ఆన్ చేశాను, ఇక క్లిప్పులు తగిలిస్తాను.

అనసూయ: ముందు ఆపండి! ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు గట్టిగా పట్టిన తరువాతే స్విచ్చి వేయాలి. తీసేటప్పుడు స్విచ్చి ఆపాకే క్లిప్పులు ముట్టుకోవాలి. లేకపోతే రవ్వ లేచేది సరిగ్గా ఆ వాయువు బయటికి వచ్చే చోటే.

సూర్యం: చార్జరు మీద కరెంటు పెంచే నాబ్ పూర్తిగా తిప్పేస్తే గంటలో అయిపోదా?

అనసూయ: ఇది 45 ఆంపియర్-అవర్ల సామర్థ్యం ఉన్న బ్యాటరీ. ఆ అంకెలో పదో వంతు, అంటే నాలుగున్నర ఆంపియర్లు చాలు. ఎక్కువ ఇస్తే వేడెక్కి ప్లేట్లు వంగుతాయి. పూర్తిగా దిగిపోయింది కాబట్టి పన్నెండు గంటలు పడుతుందనుకోండి.

సూర్యం: పన్నెండు గంటలా! అసలు ఇంత మంచి బ్యాటరీ ఉన్నట్టుండి ఎందుకు పడుకుందో నాకు అంతుపట్టడం లేదు.

అనసూయ: నాకు పట్టింది. ఇంజను ఆపి, తాళం సగం తిప్పి, అద్దాలు ఎక్కించుకొని రోజూ సాయంత్రం కారులో పాటలు వింటుంటే అది పడుకోక ఏం చేస్తుంది?

సూర్యం: (తడబడి) ఈ ఇంట్లో పాట సరిగ్గా వినపడేది అక్కడొక్కచోటే మరి. అయితే ఈ పన్నెండు గంటలూ నన్ను ఎక్కడ కూర్చోమంటావు?

అనసూయ: ఆ వరండాలోనే, కాస్త ఎడంగా. గంటకొకసారి వెళ్లి బ్యాటరీ పక్కభాగాన్ని తాకి చూడండి. చేయి నిలపలేనంత కాలుతుంటే వెంటనే స్విచ్చి ఆపండి. పాటల సంగతి మీరు బెంగపెట్టుకోకండి, నేను పాడతాను.